పేజీన్నరకే ఆగిపోతున్న వాక్యూమ్ ఫిల్లర్ పెన్ను: ఒక కేసు పూర్తి వివరం

వాక్యూమ్ ఫిల్లర్ పెన్ను (వెనకున్న రాడ్ నొక్కితే పెన్ను గొట్టంలోకే నేరుగా ఇంకు ఎక్కే ఫౌంటెన్ పెన్ను) పట్టుకొచ్చి "ఇంకు రావట్లేదండీ, నిబ్ ఒకసారి చూడండి" అనేవాళ్ళు చాలామందే ఉంటారు, అందులో ఎక్కువ పెన్నుల్లో నిబ్‌కి ఏ రోగమూ ఉండదు. తేడా నిబ్ వెనకాల, ట్యాంకు నుంచి ఫీడ్‌కి (నిబ్ కింద ఉండి దానికి ఇంకు అందించే గాడి ఉన్న ముక్క) ఇంకు దిగే ఇరుకు చోట ఉంటుంది, అది బయటికి కనపడదు కాబట్టి అందరి చెయ్యీ ముందు నిబ్ మీదకే పోతుంది. ఈ కేసులోనూ అదే జరిగింది, దానికి తోడు పోసిన ఇంకు ఆ పెన్నుకి నప్పనిది. పెన్ను, ఇంకు, రాసేవాళ్ళ అలవాటు మూడూ కలిసి ఒకే ఫిర్యాదుగా ఎలా బయటపడతాయో ఇందులో చక్కగా కనపడుతుంది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నా.

పెన్ను ఒక అనువాదకురాలిది. ఆవిడ డ్రాఫ్ట్ మొత్తం చేత్తోనే రాస్తారు, ఒక్కోరోజు పది పదిహేను పేజీలు, ఆ తర్వాతే టైపింగు. పని మీద తరచూ విమానం ఎక్కుతారు. పెన్ను పారదర్శకమైన బ్యారెల్ (గొట్టం), మీడియం బంగారు నిబ్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఈ పద్ధతిలో నింపే ఏ పెన్నుకైనా ఇదే వర్తిస్తుంది. ఆవిడ చెప్పిన ఇబ్బందులు ఏంటంటే, కొత్తగా నింపినప్పుడు పేజీన్నర దాకా బాగా రాస్తుంది, తర్వాత గీత పలచబడుతుంది, ఇంకో నాలుగైదు లైన్లలో ఆగిపోతుంది, కాసేపు పక్కన పెట్టి తీస్తే మళ్ళీ కొంచెం రాస్తుంది. నింపినప్పుడు సగానికి మించి ఇంకు ఎక్కట్లేదు. ప్లంజర్ (ఇంకు నింపడానికి వెనక నుంచి నొక్కే రాడ్) బిగుసుకుపోయి కదలడానికి మొరాయిస్తోంది. ఊరెళ్ళి వచ్చాక అయితే నిబ్‌ని నీళ్ళలో ముంచితే గానీ మొదలే అవ్వట్లేదు.

అంతకుముందే ఒకచోట చూపించారట, అక్కడ నిబ్ డ్రైగా ఉందని టైన్లు (నిబ్ మొన దగ్గరి రెండు పాయలు) విడదీసి ఇచ్చారు. ఇచ్చిన రోజు బ్రహ్మాండంగా రాసిందట, ఆ తర్వాత పేజీన్నర కాస్తా పేజీ అయ్యింది. ఈ చివరి మాట దగ్గరే నాకు సగం కేసు తేలిపోయింది. నిబ్ నిజంగా ఇంకు తక్కువ ఇస్తుంటే టైన్లు విప్పాక బాగుపడాలి. బాగుపడకపోగా ఇంకా ముందే ఆగిపోతోందంటే, ఫీడ్‌లో ఉన్న ఇంకుని నిబ్ తొందరగా తాగేస్తోంది, వెనక ట్యాంకు నుంచి భర్తీ రావట్లేదు అన్నమాట.

"వెనక మూత తిప్పి రాస్తున్నారా?" అని అడిగాను.

"తిప్పుతున్నానండీ, ఆ సంగతి తెలుసు నాకు" అన్నారు.

నిజంగానే తిప్పుతున్నారు. ఎంత తిప్పుతున్నారన్నది తర్వాత తేలింది.

ఈ పెన్ను లోపల ఏం జరుగుతుందో చెప్పుకోకపోతే మిగతాది అర్థం కాదు. బ్యారెల్ మధ్యలో నిలువునా ఒక సన్నని రాడ్ ఉంటుంది, దాని ముందు కొసన రబ్బరు సీల్, వెనక కొసన మనం తిప్పే మూత. మూత విప్పి రాడ్ మొత్తం వెనక్కి లాగి, నిబ్‌ని ఇంకులో ముంచి, రాడ్‌ని ఒక్క ఊపున లోపలికి నొక్కాలి. సీల్ ముందుకి పోతున్నకొద్దీ దాని వెనకాల ఖాళీ పెరుగుతుంది, అక్కడికి గాలి వచ్చే దారి ఉండదు, ఎందుకంటే వెనక చివర రాడ్ చుట్టూ ఇంకో సీల్ ఉంటుంది. దాంతో వెనక ఒత్తిడి బాగా పడిపోతుంది. బ్యారెల్ ముందు చివర లోపలి వ్యాసం కాస్త పెరుగుతుంది, సీల్ అక్కడికి రాగానే గోడని వదిలేస్తుంది, వదిలిన క్షణంలోనే బయటి గాలి ఒత్తిడి ఇంకుని ఫీడ్ గుండా లోపలికి తోసేస్తుంది. అంతా ఒక్క నొక్కులో అయిపోతుంది. లోపలి వ్యాసం 9 మిల్లీమీటర్లు అనుకుంటే నొక్కు చివర్లో రాడ్‌ని వెనక్కి లాగే బలం దాదాపు 600 గ్రాముల బరువంత ఉంటుంది, అందుకే చివరి దాకా బొటనవేలు సడలించకూడదు, సడలిస్తే రాడ్ వెనక్కి తన్నుకొస్తుంది, నింపడం మధ్యలోనే పోతుంది.

ఈ పద్ధతి వందేళ్ళ పైబడినది. లండన్‌లోని డి లా ర్యూ కంపెనీ 1905లో ఆనొటో పెన్నుతో దీన్ని జనంలోకి తెచ్చింది, 1930ల్లో షేఫర్ కూడా ఇదే పద్ధతిలో పెన్నులు చేసింది, 1949లో టచ్‌డౌన్ అనే వేరే పద్ధతికి మారిపోయింది. మళ్ళీ 2000లో పైలట్ కస్టమ్ 823 వచ్చాక, ఆ తర్వాత ట్విస్బీ వ్యాక్ 700 వచ్చాక ఇది రోజువారీ పెన్నుల్లోకి దిగింది. పార్కర్ వాక్యుమాటిక్ పేరు చూసి చాలామంది అదీ ఇదే అనుకుంటారు, 1933లో వచ్చిన ఆ పెన్నులో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది, పలుమార్లు నొక్కితే గానీ నిండదు, రిపేరు కూడా పూర్తిగా వేరు. పాత పెన్ను కొనేటప్పుడు ఈ తేడా తెలియకపోతే దొరకని విడిభాగాల కోసం తిరగాల్సి వస్తుంది.

ఇక ఈ కేసుకి ప్రాణం లాంటి భాగం షట్ ఆఫ్ వాల్వ్. ప్లంజర్ పూర్తిగా కిందకి దిగి వెనక మూత బిగిస్తే, రాడ్ ముందు కొసన ఉన్న రబ్బరు ముక్క సెక్షన్ (నిబ్ వెనక వేళ్ళతో పట్టుకునే భాగం) వెనక రంధ్రం మీద గట్టిగా కూర్చుని దాన్ని మూసేస్తుంది. ట్యాంకులో ఉన్న ఇంకు అక్కడే ఉంటుంది, నిబ్ దగ్గరికి రాదు. విమానంలో ఇది వరం. క్యాబిన్‌లో ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది, అంటే నేల మీద ఉన్నదానిలో దాదాపు ముప్పావు వంతు. అప్పుడు ట్యాంకులో ఉన్న గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది, ఒకటిన్నర మిల్లీలీటరు గాలి ఉంటే అర మిల్లీలీటరు ఇంకుని బయటికి తోస్తుంది, అంత ఇంకు క్యాప్‌లో కారితే బట్టలు, సంచీ అన్నీ పాడే. వాల్వ్ మూసి ఉంటే ఆ గాలి ఉబ్బినా ఇంకు కదలదు. కానీ అదే వాల్వ్ మూసి రాస్తే ఫీడ్‌లోనూ సెక్షన్‌లోనూ ఉన్న కాస్త ఇంకుతోనే నడవాలి, అది ఒకటి రెండు పేజీలకి సరి. అందుకే ఎక్కువసేపు రాయడానికి కూర్చున్నప్పుడు వెనక మూత రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచేలా విప్పుకోవాలి.

పెన్ను చేతికొచ్చాక నేను దేన్నీ విప్పలేదు, ముందు చూశాను. ఉన్న ఇంకు ఖాళీ చేసి, తేటనీరు బయటికి వచ్చేదాకా కడిగి, నీళ్ళే నింపి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని లూప్ అనే చిన్న భూతద్దంలోంచి మెడ దగ్గర చూశాను. ఆవిడ రాసేటప్పుడు ఎలా విప్పుతారో అలాగే విప్పి చూపించమన్నాను. మూత ఒక్క మర కదిలింది అంతే, అర మిల్లీమీటరు ఉంటుందేమో. నిబ్‌ని టిష్యూకి ఆనించి నీళ్ళు పీల్చనిచ్చాను. రాసేటప్పుడు నిబ్ గుండా ఇంకు బయటికి వెళ్ళినకొద్దీ దాని బదులు గాలి ఫీడ్ గాడి గుండా లోపలికి రావాలి, ఆ గాలి బుడగై వాల్వ్ సందులోంచి ట్యాంకులోకి ఎక్కాలి, బుడగ ఎక్కితేనే ఇంకు దిగుతుంది. ఇక్కడ బుడగ సెక్షన్ లోపల తయారయ్యింది, పైకి వచ్చింది, వాల్వ్ రబ్బరు కింద చదునుగా అతుక్కుని అక్కడే ఉండిపోయింది. టిష్యూ తడవడం ఆగిపోయింది. పెన్నుని వేలితో చిన్నగా తట్టితే బుడగ ఒక పక్కకి జరిగి సన్నగా తప్పించుకుంది, టిష్యూ మళ్ళీ తడిసింది, మళ్ళీ ఇంకో బుడగ వచ్చి అక్కడే కూర్చుంది. కాసేపు పక్కన పెట్టి తీస్తే కొంచెం రాస్తుంది అన్న దానికి కారణం కూడా ఇదే. మూత మూడు మిల్లీమీటర్లు పైకి తీశాను, బుడగలు ఒకదాని వెనక ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి, టిష్యూ ఆగకుండా తడుస్తూనే ఉంది.

ఆవిడ కూడా లూప్‌లోంచి చూశారు. "ఎక్కువ విప్పితే వెనక నుంచి చేతిలోకి కారదాండీ? ఆ భయంతోనే కొంచెం తిప్పుతాను" అన్నారు. ఈ భయం చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పరు. వెనక మూత ఇంకుని ఆపే మూత కాదు. రాడ్ బ్యారెల్‌లోకి వెళ్ళే చోట, చుట్టూ ఉన్న సీలే ఇంకుని ఆపుతుంది, మూత విప్పినా బిగించినా ఆ సీల్ పని ఒకటే. మూత వదులుగా ఉంటే కారుతోంది అంటే ఆ వెనక సీల్ పాడైందని అర్థం, అప్పుడు మూత బిగించినా మూత లోపల ఇంకు చేరుతూనే ఉంటుంది. ఈ పెన్నులో మూత లోపల పొడిగా, శుభ్రంగా ఉంది, అంటే వెనక సీల్ బాగుంది, ఆవిడ నిశ్చింతగా విప్పుకోవచ్చు.

అలవాటు సంగతి ఇది. ఇంకు సంగతికి వస్తే, బుడగ అంత గట్టిగా అతుక్కోవడానికి సందు చిన్నది కావడం ఒక్కటే కారణం అని నాకు అనిపించలేదు. వాల్వ్ కూర్చునే అంచు చుట్టూ నల్లగా ఒక వలయం కనపడింది, లూప్‌లో చూస్తే గరుకుగా ఉంది, వెంట్రుక మందం పొర. రాడ్ మీద కూడా ముందు భాగంలో అదే పొర, ప్లంజర్ బిగుసుకోవడానికి కారణం అదే. ఏ ఇంకు వాడుతున్నారు అని అడిగితే పిగ్మెంట్ నలుపు అన్నారు. అనువాదాల మీద సంతకాలు, సవరణలు నీళ్ళు పడినా చెరగకూడదని ఆ ఇంకు ఎంచుకున్నారు. అవసరం నిజమైనదే, ఇంకు కూడా మంచి ఇంకే, కానీ ఈ పెన్నులో, ఆవిడ వాడే తీరులో అది నప్పదు.

ఎందుకో చెప్తాను. డై ఇంకులో రంగు నీళ్ళలో కరిగి ఉంటుంది, ఎండినా మళ్ళీ నీళ్ళు తగిలితే చాలావరకు కరిగిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు, అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది, ఎండిపోయిందంటే మళ్ళీ నీళ్ళలో కరగదు. ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురో లాంటివి పెన్నుల కోసమే చేసినవి, రోజూ రాసేవాళ్ళ చేతిలో ఏ ఇబ్బందీ పెట్టవు. సమస్య ఎక్కడంటే ఆవిడ ఊరెళ్ళేటప్పుడు వాల్వ్ మూసి పెన్ను సంచీలో పెడతారు, అక్కడ పని లాప్‌టాప్ మీద నడుస్తుంది, రెండు వారాలు పెన్ను తియ్యరు. వాల్వ్ మూసి ఉంటే ఫీడ్‌లో మిగిలేది చాలా తక్కువ ఇంకు. క్యాప్ ఎంత గట్టిదైనా తేమ కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది, ఆ కాస్త ఇంకు చిక్కబడి ఎండుతుంది, వెనక ట్యాంకులో రెండు మిల్లీలీటర్లు నిండుగా ఉన్నా తడి ఇవ్వడానికి దారి లేదు. మామూలు కన్వర్టర్ (తీసి పెట్టుకునే చిన్న ఇంకు గొట్టం) పెన్నులో అయితే వెనక ఉన్న ఇంకు ఫీడ్‌ని తడిగానే ఉంచుతుంది. విమానంలో కాపాడిన వాల్వే సంచీలో ఫీడ్‌ని ఎండబెడుతోంది, అందులో ఉన్నది పిగ్మెంట్ అయితే ఎండినది అక్కడే గట్టిపడి ఉండిపోతోంది. ఊరెళ్ళి వచ్చాక మొదలవ్వకపోవడం, వాల్వ్ అంచు మీద పొర, అన్నిటికీ మూలం ఇదే.

అందుకే వాక్యూమ్ ఫిల్లర్‌కి ఇంకు ఎంచుకునేటప్పుడు నేను రంగు తర్వాత చూస్తాను. చెయ్యి పెట్టలేని చోట ఈ ఇంకు ఎండిపోతే నీళ్ళతో పోతుందా పోదా, అది ముందు. ఆ లెక్కన పైలట్ ఇరోషిజుకు, వాటర్‌మన్ నీలం, మామూలు డైమిన్ రంగుల్లాంటి డై ఇంకులు ఈ పెన్నులకి నిశ్చింత. ఇరోషిజుకు ఇంకులు బాగా పారతాయి కూడా, సందు దగ్గర బుడగ అతుక్కునే గొడవ తగ్గుతుంది. మెరుపు రేణువులున్న షిమ్మర్ ఇంకులు ఈ పెన్నుల్లో వద్దనే చెప్తాను, ఆ రేణువులు బరువుకి కిందకి దిగి సరిగ్గా వాల్వ్ కూర్చునే అంచు మీదే పేరుకుంటాయి, అప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు, విమానంలో కారకుండా ఉండాల్సిన పెన్ను కారుతుంది. బాగా షీన్ (ఎండాక కనపడే వేరే రంగు మెరుపు) వచ్చే చిక్కటి ఇంకులు పారదర్శకమైన బ్యారెల్‌కి మరక పడతాయి, సీల్ గోడని రాసుకుంటూ పోయే పెన్ను కాబట్టి ఆ పొర ప్లంజర్‌ని కూడా బిగిస్తుంది. నూడ్లర్స్ బేస్టేట్ బ్లూ లాంటిది అయితే మరక తీయడం చాలా కష్టం, వేరే ఇంకుతో కలిస్తే ఇంకా కష్టం.

ఐరన్ గాల్ ఇంకుల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. రోరర్ అండ్ క్లింగ్నర్ సాలిక్స్, ప్లాటినమ్ బ్లూ బ్లాక్ లాంటివి కాగితం మీద గాలి తగిలి ఆక్సీకరణ చెంది నల్లబడతాయి, నీళ్ళకి నిలుస్తాయి, పిగ్మెంట్ కంటే పెన్నుకి సుఖం. కానీ అవి ఆమ్ల గుణం ఉన్నవి, కొన్ని వాక్యూమ్ ఫిల్లర్లలో రాడ్ లోహంతో చేసినది, ఆ రాడ్ ఎప్పుడూ ఇంకులోనే మునిగి ఉంటుంది. కన్వర్టర్ పెన్నులో ఇంకుకి తగిలే లోహం నిబ్ దగ్గర మాత్రమే, ఇక్కడ ట్యాంకు పొడుగునా. కాబట్టి ఐరన్ గాల్ పోస్తే నెలలు నెలలు వదిలెయ్యకుండా క్రమంగా రాసి, నింపిన ప్రతి రెండు మూడు సార్లకి ఒకసారి నీళ్ళతో కడగాలి. ఇంకో జాగ్రత్త, వాక్యూమ్ ఫిల్లర్‌లో సీల్ వెనకాల కొంచెం ఇంకు ఎప్పుడూ మిగిలి ఉంటుంది, అందుకని ఐరన్ గాల్ తర్వాత పిగ్మెంట్, పిగ్మెంట్ తర్వాత ఐరన్ గాల్ వెంటనే పోయకూడదు, రెండూ కలిసి మడ్డి కట్టే ప్రమాదం ఉంది.

రిపేర్ దగ్గరికి వద్దాం. నీళ్ళతో పోయేది పోయాక, ఎండిన పిగ్మెంట్ కోసం నీళ్ళలో కొద్దిగా ఇంట్లో వాడే అమోనియా, గిన్నెలు కడిగే సబ్బు ఒక చుక్క కలిపి నింపి, రాత్రంతా నిబ్ కిందకి ఉండేలా నిలబెట్టాను, వాల్వ్ తెరిచే ఉంచాను, లేకపోతే ఆ ద్రావణం అంచుకి తగలదు. పొద్దున్నకి ద్రావణం బూడిద రంగులోకి మారింది. ఖాళీ చేసి మళ్ళీ మళ్ళీ కడిగాను. ఇక్కడ ఒక చిన్న పద్ధతి ఉంది, ఊరికే నింపి వదలడం వల్ల సీల్ వెనక ఉన్నది కదలదు, బ్యారెల్ సగం నీళ్ళు సగం గాలి ఉండేలా పెట్టి, రాడ్ మధ్యలో ఆపి, గట్టిగా ఆడించాలి, అప్పుడు వెనక మూలల్లో ఉన్నది కూడా విడుతుంది. స్పిరిట్, అసిటోన్ లాంటివి అసలు వాడకూడదు, యాక్రిలిక్ లోపల సన్నని పగుళ్ళు వస్తాయి, ఒకసారి వచ్చాయంటే బ్యారెల్ మార్చడమే. వేడినీళ్ళూ వద్దు.

అంచు మీద వలయం సగం పోయింది, సగం మిగిలింది. అప్పుడు నిబ్, ఫీడ్ బయటికి తీశాను. ఫీడ్‌ని మాత్రం అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు పెట్టాను, గాడిలోంచి నల్లటి పొగలాగా వచ్చింది. సెక్షన్ ముందు రంధ్రంలోంచి మెత్తటి పత్తి చుట్టిన సన్నని పుల్ల పోనిచ్చి వాల్వ్ అంచుని గుండ్రంగా తుడిచాను, గీకలేదు, ఆ అంచు మీద చిన్న గీత పడినా వాల్వ్ ఇక ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు. రాడ్ తుడిచి, ముందు సీల్ చుట్టూ స్వచ్ఛమైన సిలికోన్ గ్రీజు వేలికి అంటీ అంటనంత రాశాను. పెట్రోలియం జెల్లీ రాయమని కొందరు చెప్తుంటారు, కొన్ని రకాల రబ్బరు దానితో ఉబ్బిపోతుంది, వద్దు. గ్రీజు ఎక్కువైనా కష్టమే, అది ఫీడ్‌లోకి దిగితే ఇంకు పారదు, మళ్ళీ అంతా విప్పి కడగాలి. ట్విస్బీ వాళ్ళు పెన్నుతోపాటే విప్పే స్పానర్, గ్రీజు ఇస్తారు, యజమానే చేసుకోవచ్చు. పైలట్ 823 లాంటివి అలా విప్పడానికి ఉద్దేశించినవి కావు, తెలియకుండా తిప్పి బ్యారెల్ పగలగొట్టుకునేకంటే కడగడంతో ఆపడం మేలు.

చివర నిబ్. టైన్ల మధ్య సందు మొన దాకా వెలుతురు కనపడేలా తెరిచి ఉంది. వాటిని వేళ్ళతోనే కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చాను, ఒక టైన్‌ని ఇంకోదాని కిందకి సున్నితంగా నొక్కి వదలడం, తర్వాత రెండోవైపు అదే, ప్రతిసారీ లూప్‌లో చూసుకుంటూ. మొన దగ్గర రెండూ ఒకదాన్నొకటి ఆనీ ఆననట్టు రాగానే ఆపాను. బంగారం మెత్తన, తొందరపడితే మొనలు ఎగుడుదిగుడు అవుతాయి, అప్పుడు కాగితాన్ని గీకుతుంది. నా ఉద్దేశంలో ఇంకు ఆగిపోతోందన్న ఫిర్యాదుతో వచ్చిన వాక్యూమ్ ఫిల్లర్‌లో వాల్వ్ తెరిచి పరీక్షించకుండా నిబ్ ముట్టుకోకూడదు, నిబ్‌ని ఒకసారి వంచాక మొదట ఉన్న స్థితి పూర్తిగా తిరిగి రాదు.

సగమే నిండటం సంగతి. పెన్ను ఖాళీగా తూచి, నింపి తూచాను, ఇంకు సాంద్రత నీటికి దగ్గరే కాబట్టి గ్రాము అంటే దాదాపు మిల్లీలీటరు. శుభ్రం చేశాక మామూలుగా ఒక్క నొక్కుతో ఒకటిన్నర గ్రాము ఎక్కింది, ఈ పెన్నులకి అది మామూలే, ఒక్క నొక్కుతో పూర్తిగా ఏదీ నిండదు. ఆవిడ చేతిలో అంతకంటే తక్కువ ఎక్కడానికి ఇంకో రెండు కారణాలు కనపడ్డాయి. ఒకటి, సీసా అడుగున ఇంకు తక్కువ ఉన్నప్పుడు నిబ్ పూర్తిగా మునగట్లేదు, గాలి రంధ్రం బయటే ఉంటోంది, ఇంకు బదులు గాలి లోపలికి పోతోంది. పెద్ద నిబ్‌ల పెన్నులకి సెక్షన్ అంచు దాకా మునిగేంత లోతు ఉన్న సీసా కావాలి, చిన్న శాంపిల్ సీసాలో ఈ పెన్ను నింపడం వృథా ప్రయాస, రెండు మిల్లీలీటర్ల శాంపిల్‌లో సగం ఎక్కేసరికి నిబ్ గాలిలో ఉంటుంది. రెండోది, నొక్కగానే నిబ్ బయటికి తీసేస్తున్నారు. సీల్ వదిలాక ఇంకు ఎక్కడానికి కొన్ని క్షణాలు పడుతుంది, కనీసం ఐదారు అంకెలు లెక్కపెట్టే దాకా కదపకూడదు.

పూర్తిగా నింపే పద్ధతి కూడా నేర్పించాను. మొదటిసారి నింపాక నిబ్ పైకి ఉండేలా పెన్ను తిప్పి, రాడ్ నెమ్మదిగా వెనక్కి లాగాలి, లాగేటప్పుడు సీల్ ఇంకుని తన పక్కల నుంచి ముందుకి వదులుతుంది. తర్వాత నిబ్ మీద టిష్యూ కప్పి, నిబ్ పైకే ఉంచి, రాడ్‌ని మెల్లగా ముందుకి తోయాలి, ఇప్పుడు పైన ఉన్న గాలి ఫీడ్ గుండా బయటికి పోతుంది. ఇంకు ఫీడ్ దాకా ఎక్కి కనపడగానే ఆపాలి, రాడ్‌ని అక్కడే గట్టిగా పట్టుకుని పెన్ను తిప్పి ఇంకులో ముంచి, మిగతా దూరం నొక్కేయాలి. దీంతో ట్యాంకులో గాలి దాదాపు మిగలదు. విమానం ఎక్కేముందు ఇలా నింపుకుంటే వాల్వ్‌తో పాటు ఇంకో రక్షణ, ఉబ్బడానికి గాలే ఉండదు. తొందరలో చేస్తే మాత్రం ఇంకు చిమ్ముతుంది.

ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. పెన్నులో పాత ఇంకు మిగిలుండగా సీసాలో ముంచి నొక్కితే ఆ పాత ఇంకు, గాలి మొత్తం సీసాలోకే పోతుంది, నురగ వస్తుంది, రంగులు కలుస్తాయి. వేరే రంగు నుంచి వస్తున్నా, కొన్ని వారాల పాత ఇంకు ఉన్నా, ముందు దాన్ని ఖాళీ చేసి కడిగాకే సీసా ముట్టుకోవాలి, లేదా కావలసినంత ఇంకు వేరే లోతైన చిన్న సీసాలోకి వంపుకుని అందులోంచి నింపాలి. ట్విస్బీ వాళ్ళ వ్యాక్ 20ఏ సీసా అయితే వాళ్ళ వ్యాక్ పెన్నులకి నేరుగా బిగుసుకుంటుంది, నిండుగా ఎక్కుతుంది, చేతికి అంటదు.

ఆవిడకి ఇంకు ఏది పెట్టాం అంటే, రోజువారీ డ్రాఫ్ట్‌కి పైలట్ బ్లూ బ్లాక్. డై ఇంకే, కడిగితే పెన్నులోంచి పోతుంది, కాగితం మీద నీటి చుక్క పడితే చాలా డై ఇంకుల కంటే బాగా నిలుస్తుంది. సంతకాలకి, చెరగకూడని సవరణలకి ఆ పిగ్మెంట్ నలుపే వాడమన్నాను, కాకపోతే ఒక మామూలు కన్వర్టర్ పెన్నులో. కన్వర్టర్ పెన్ను మొత్తం విప్పి కడగొచ్చు, కన్వర్టర్ పాడైతే అదొక్కటి మార్చుకోవచ్చు. ఒకే పెన్నుతో అన్నీ కావాలనుకోవడం దగ్గరే ఈ ఇబ్బంది మొదలైంది, పని రెండు రకాలది కాబట్టి పెన్నులూ రెండు ఉండటం న్యాయం.

ఊరెళ్ళేటప్పుడు వాల్వ్ మూసుకోవడం మానక్కర్లేదు. దిగాక గదికి చేరగానే మూత విప్పి, నిబ్ కిందకి ఉండేలా కాసేపు పెట్టి, ఫీడ్‌కి తడి అందాక మళ్ళీ మూసుకోవచ్చు. రెండు వారాలకి మించి రాయనని ముందే తెలిస్తే ఖాళీ చేసి కడిగి తీసుకెళ్ళడమే మంచిది.

ఈ రకం పెన్ను కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను అడిగేది, రోజూ ఎంత రాస్తారు, ఇంకు రంగులు ఎంత తరచుగా మారుస్తారు అని. పేజీలకు పేజీలు ఒకే ఇంకుతో రాసేవాళ్ళకి ఇంత హాయైన పెన్ను ఇంకోటి లేదు. వారానికో రంగు మార్చేవాళ్ళకి వద్దు, కడగడానికి పట్టే సమయం విసిగిస్తుంది. మొదటిసారి కొనేవాళ్ళకి ట్విస్బీ వ్యాక్ 700 ఆర్ నయం, విప్పి చూసుకోవచ్చు, లోపలి పని కళ్ళకి కనపడుతుంది. రాయడమే ముఖ్యం, విప్పే సరదా లేదు అంటే 823, ఆ నిబ్ రాతకి పెట్టిన ఖరీదు వస్తుంది. విస్కాంటి హోమో సేపియన్స్‌లో లావా కలిపిన బ్యారెల్ చేతికి బాగుంటుంది కానీ లోపల ఇంకు ఎంత ఉందో కనపడదు, వాల్వ్ దగ్గర బుడగ ఆగిందా ఇంకు అయిపోయిందా అన్నది ఊహించుకోవాలి, మొదటి పెన్నుగా అది నేను చెప్పను. జేబులో పెట్టుకోవడానికి చిన్నది కావాలంటే వ్యాక్ మినీ ఉంది. ఏది కొన్నా పారదర్శకమైనదే కొనమంటాను, లోపల జరిగేది కనపడుతుంటే సగం సమస్యలు మనమే తేల్చుకోవచ్చు.

పెన్ను తిరిగి తీసుకున్నాక ఆవిడ మొదట మూత సరిగ్గా విప్పి, ఆగకుండా ఒక అధ్యాయం డ్రాఫ్ట్ రాశారు, గీత ఎక్కడా పలచబడలేదు. తర్వాతి ప్రయాణంలో వాల్వ్ మూసి తీసుకెళ్ళారు, దిగాక మొదటి గీతకే రాసింది, క్యాప్ లోపల ఒక చిన్న చుక్క ఉందట. అది ఫీడ్‌లో ఉన్న ఇంకుదే, వాల్వ్‌కి అవతలి వైపు ఉన్నదాన్ని ఏ వాల్వూ ఆపలేదు, పెన్నుని నిబ్ పైకి ఉండేలా పెట్టుకుంటే అదీ తగ్గుతుంది. బ్యారెల్ వెనక చివర లేత ఊదా మరక ఒకటి మిగిలే ఉంది, ఎప్పుడో పోసిన చిక్కటి షీన్ ఇంకుది. దాన్ని కూడా తీసేయమని అడిగారు. పలచటి బ్లీచ్‌తో పోవచ్చు, కానీ బ్లీచ్ రాడ్ లోహానికీ వెనక సీల్‌కీ తగలకుండా ఆ చోటికి చేరే దారి లేదు, ఆ సీల్ ఇప్పుడు బాగుంది. అందుకని మరక జోలికి పోలేదు.